అయిదు లీటర్లు

స్నిగ్ధ కారు తుడుస్తోంది. గుడ్డను బకెట్లో ముంచి, పిండి, ముందు అద్దం మీది దుమ్మును పైనుంచి కిందికి లాగుతోంది.

అరుగు మీద పీట వేసుకుని అత్తగారు ఇందిరాదేవి గన్నేరు పూల తొడిమలు తీస్తోంది. చేతులు పూల మీద, కళ్లు కోడలి మీద. పెళ్లయిన ఈ రెండేళ్లలో ఆ కళ్లు తన మీది నుంచి పక్కకు పోయినట్టు స్నిగ్ధకు గుర్తు లేదు. గేటు తాళంచెవి కూడా అత్తగారి దగ్గరే, బొడ్లో దోపుకుని ఉంటుంది.

మామగారు దయాకర్‌రావుకు మెట్‌పల్లి బస్టాండు ఎదురుగా పెట్రోలు బంకు ఉంది. ఆయన మనుషులను కూడా లీటర్లలోనే కొలుస్తాడు. ఇంటి కారుకు వారానికి అయిదు లీటర్లు. అంతకు మించి చుక్క పోయవద్దని బంకులో అందరికీ చెప్పి పెట్టాడు. గుడి, కూరగాయల మార్కెట్, దర్జీ దుకాణం. ఇంటి ఆడవాళ్లకు అంతకంటే దూరం ఏముంటుందని ఆయన లెక్క. పాత కారు అయిదు లీటర్లతో అరవై కిలోమీటర్లు కూడా పోయేది కాదు. బస్సెక్కుదామంటే బంకు ముందు నుంచే ఎక్కాలి.

ఉగాదికి ఆ పాత కారు అమ్మి హైబ్రిడ్ కారు కొన్నాడు. బంకులో నవ్వులే నవ్వులు.

"రావుసాబ్, మీరే పెట్రోలు తాగని బండి కొంటే ఇగ బంకు ఎందుకు?" అన్నాడు లారీ డ్రైవర్ పరశురాములు.

"భూమిల నూనె ఒడుస్తున్నది పరశురాములూ. ఉన్నదాన్ని జర పొదుపుగ వాడుకోవాలె. ఇది కొంత బ్యాటరీ మీద నడుస్తది, కొంత పెట్రోలు మీద. బ్రేకేస్తే బ్యాటరీ దానంతటదే నిండుతది. మెల్లగ పోతే చప్పుడే రాదు. పిల్లి నడిచినట్టే."

కారు మారింది. అయిదు లీటర్లు మాత్రం మారలేదు. మార్చాలన్న ఆలోచన దయాకర్‌రావుకు రాలేదు.

స్నిగ్ధకు వచ్చింది. అవే అయిదు లీటర్లు. ఇప్పుడు నూట ఇరవై కిలోమీటర్లు. బాసర అంత దూరం కూడా లేదు.

బాసర దగ్గర గురుకుల బడిలో ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చింది. శుక్రవారం కల్లా చేరాలి.

"మా ఇంటి కోడలు నౌకరీ చేసుడేంది?" అన్నాడు మామగారు.

"బాపు ఒద్దన్నంక ఒద్దు. ఊకె పరేషాన్ చెయ్యకు," అన్నాడు భర్త అర్జున్, బంకుకు వెళ్తూ.

స్నిగ్ధ తల ఊపింది. ఉద్యోగం వచ్చిందన్న ఉత్తరం చింపేశానని చెప్పింది. అది కారులో, డ్రైవరు సీటు ముందు మ్యాటు కింద ఉంది.

సోమవారం ఆమె కారు తుడుస్తుంటే ఇందిరాదేవి అరుగు దిగి వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"గా అయిదు లీటర్లతోటి గిది ఏడిదాక పోతదే?"

"నాకెరుక లేదు అత్తమ్మా."

"రోజు తుడుస్తవు, ఎరుక లేదా? బాసర గోదారి బ్రిడ్జి దాకనన్న పోతదా?"

స్నిగ్ధ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఏమో అత్తమ్మా."

"మంచిగ తుడువు," అని ఇందిరాదేవి వెళ్లి పీట మీద కూర్చుంది.

స్నిగ్ధ ఆ సాయంత్రం మ్యాటు ఎత్తి చూసింది. ఉత్తరం అక్కడే ఉంది. తను నాలుగు మడతలు పెట్టింది, ఇప్పుడు రెండు మడతలతో ఉంది.

అత్తగారు ఎందుకు చదివింది? చదివి ఎందుకు ఊరుకుంది? ఆమె మనసులో ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె పుట్టిల్లు ఎక్కడో కూడా స్నిగ్ధకు తెలియదు. ఒకసారి అడిగితే, "మా అమ్మ తరఫోళ్లకు, బాపుకు మాటల్లేవు. నేనే సూడలే," అన్నాడు అర్జున్.

బుధవారం ఇందిరాదేవి గేటు బందులకు నూనె పోసింది.

"కిర్రుకిర్రుమని తలకాయ నొస్తున్నది," అంది.

"జర సూసి పొయ్యి. నూనె ఊకెనే వస్తలేదు," అన్నాడు దయాకర్‌రావు లోపలి నుంచి.

ఇక గేటు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో కూడా తనకు వినిపించదు అనుకుంది స్నిగ్ధ.

ఇవాళ శుక్రవారం. ఈ వారపు అయిదు లీటర్లు నిన్ననే పోశారు.

అర్జున్ అప్పటికే బంకుకు వెళ్లాడు. పూజగదిలో మామగారి గంట మోగింది. దయాకర్‌రావు కళ్లు మూసుకుంటాడు కానీ చెవులు మూసుకోడు. చప్పుడు విని వచ్చేది ఎవరి బండో చెప్పగలడు. ఆ గది కిటికీ వాకిట్లోకే ఉంది.

పాలాయన వెంకటి వచ్చాడు. ఇందిరాదేవి తాళం తీసి పాలు పోయించుకుంది. గేటు దగ్గరగా వేసి, గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లింది. రోజూ ఆ ఒక్క నిమిషమే గేటుకు తాళం ఉండదు. స్నిగ్ధ నమ్ముకున్నది ఆ నిమిషాన్నే.

గుడ్డ బకెట్లో వదిలేసింది. కారెక్కింది. బటన్ నొక్కింది. దీపాలు వెలిగాయి. చప్పుడు లేదు. కారు పది అడుగులు జరిగింది.

గిన్నె లోపల పెట్టి ఎప్పుడు తిరిగి వచ్చిందో, గేటు ముందు ఇందిరాదేవి నిలబడి ఉంది.

స్నిగ్ధ బ్రేకు వేసింది. పూజగదిలో మంత్రాలు వినిపిస్తున్నాయి. అత్తగారు ఒక్క కేక వేస్తే చాలు, అంతా అయిపోతుంది.

ఇందిరాదేవి కేక వేయలేదు. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. కిర్రుమని కూడా అనలేదు. బొడ్లోంచి తాళంచెవి తీసి అరుగు మీది పీట మీద పెట్టింది. పూలబుట్ట వెనక నుంచి ఏదో అందుకుంది.

తరువాత, ముప్పై ఒక్క ఏళ్లుగా బాసరలోని పుట్టింటి గడప తొక్కని ఇందిరాదేవి ఒక గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని కోడలి పక్క సీట్లో కూర్చుని ఆ ఇంట్లోంచి వెళ్లిపోయింది.