రెండు తప్పెట్లు

బడి వరండా ఎక్కీ ఎక్కగానే రాహేలమ్మ కొడుకు జోసెఫ్ చేతిలోని తప్పెట లాక్కుంది. చుట్టూ కూర్చున్న పిల్లలు చిడతలు, కంజీరలు ఒళ్ళో పెట్టుకుని బిక్కమొహాలు వేశారు.

"ఏం సార్, సంగీతం నేర్పిస్తామంటే పాటలేమో అనుకుంటి. ఇదా మీరు చెప్పే చదువు?"

కర్నూలు నుంచి వారం వారం వచ్చే సంగీతం సారు భూపేష్ లేచి నిలబడ్డాడు.

"ఇది కూడా సంగీతమేనమ్మా."

"మీకు సంగీతం. మాకు సావు. మా మామ బాప్తిస్మం తీసుకున్న నాడే తప్పెటను పొయ్యిలో పెట్టినాడు. ఆ పొద్దు నుంచి మా ఇంట్లో నా మొగుడుతో సహా ఎవురూ ఒకరి శవం ముందర తప్పెట కొట్టి ఎగర్లేదు. నా కొడుకు గూడా ఎగరగూడదనే బడికి తోలితి."

"ఆ కాలం పోయింది. నా దగ్గర ఇది వీళ్ళది, అది వాళ్ళది అని లేదు. ఆ పక్కన చూడు."

రాహేలమ్మ చూసింది. జోసెఫ్ పక్కనే అంగడి గోవిందయ్య మనవరాలు శ్రీవాసవి, జడకుచ్చులు ముందుకు వేసుకుని కూర్చుంది. ఆ పిల్ల ఒళ్ళోనూ తప్పెటే ఉంది.

"నిన్ను ఇంట్లో తిట్టరా పాపా?"

"మా తాత ఇంకా గట్టిగా కొట్టమంటాడు. మా అవ్వయితే చెవులు మూసుకుంటాది."

పిల్లలు నవ్వారు. జోసెఫ్ రెండు చేతులూ చాపాడు. "ఇయ్యి మా."

రాహేలమ్మ ఇచ్చింది. నడుముకు దోపుకున్న కొడవలి తీసి పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుంది. సారు చేయి ఊపాడు. రెండు తప్పెట్లు ఒకే దరువు ఎత్తుకున్నాయి. కళ్ళు మూసుకుంటే ఏది ఎవరిదో తెలియలేదు. ఆమె కాలివేలు తనకు తెలియకుండానే నేల మీద ఆడింది.

దరువు సగంలో ఉండగా గోవిందయ్య అంగట్లో గుమస్తా బొజ్జన్న వచ్చాడు. తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

"సార్, రాజ్యలక్ష్మమ్మ పోయింది. పాపను ఇంటికి పంపండి. వాళ్ళవ్వ."

శ్రీవాసవి తప్పెటను గుండెకు కరుచుకుని ఏడుపు మొదలుపెట్టింది. బొజ్జన్న జోసెఫ్ వైపు తిరిగాడు.

"ఒరే, నువ్వు గూడా రా. తప్పెట తెచ్చుకో. ఆత్మకూరు మేళమోళ్ళు యాడికో పోయినారంట. ఊర్లోనే మనిషి ఉండంగ ఇంకోర్ని అడిగేదేల?"

"వాడు రాడు," అంది రాహేలమ్మ. "వాడు బడి పిల్లోడు."

"కాదనేదెవురు? పనైనాక మళ్ళా బడికే వస్తాడు. కొత్త గుడ్డలు గూడా పెడ్తామని గోవిందయ్యే చెప్పి పంపిచ్చినాడు. పిల్లోడంటే ఆయప్పకు శానా ఇష్టం."

రాహేలమ్మ సారుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇప్పుడు చెప్పండి సార్. వీళ్ళది, వాళ్ళది అని లేదంటిరే. ఇద్దరూ నేర్చినారు. ఇద్దర్నీ పంపండి. వాళ్ళవ్వ ముందర ఆ పాప కొడితే, పక్కన నా కొడుకూ కొడతాడు. నేనే తోల్కపోతా."

"ఏమ్మే, ఎండకు తల తిరిగిందా?" అన్నాడు బొజ్జన్న. "ఆ పాప కొట్టడమేంది?"

"నేను నిన్ను అడగలేదు. సారునడిగినా."

పిల్లలందరూ భూపేష్ సారు నోటి వైపే చూస్తున్నారు. జోసెఫ్ తల్లి కొంగు పట్టుకున్నాడు. సారు నడిచి వెళ్ళి శ్రీవాసవి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ పిల్ల కళ్ళు తుడిచి, తప్పెట మీద చేయి వేశాడు. ఇన్నాళ్ళకు ఒక్క మగాడు కనిపించాడని రాహేలమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఏడవకు తల్లీ," అన్నాడు సారు. "ఇది జోసెఫ్ వాళ్ళ నాయనకిచ్చిపో. మీ అవ్వంత మనిషికి ఒక్క తప్పెట చాలదు."