బేరమాడితేనే నాంచారి

కార్డులకు పిన్ నంబర్లు పోయి, మనిషి అలవాట్లే సంతకాలైన రోజులవి. హెల్సింకిలో ఓ మందుల షాపులో, పక్కన కూతురు రొప్పుతుంటే, నాంచారి ఆయాసం మందు తీసుకుని తన రేపల్లె బ్యాంకు కార్డును మిషనుకు తాకించింది.

"నాంచారి గారు బేరమాడకుండా ఏదీ కొనరు. మీరెవరు?" అంది కార్డు.

"నేనేనే, నీ జిమ్మడ! ఇక్కడ బేరాలుండవే!"

"బేరమాడండి, నమ్ముతాం."

వచ్చి మూడు నెలలే అయింది. ఏడాది నిండితేగాని ఆ దేశంవాళ్లు తమ కార్డు ఇవ్వరు. వెనక వరసలో జనం విసుక్కుంటున్నారు. నాంచారి సిగ్గు చంపుకుని, "పొద్దున్నే బోణీ బేరం, సగానికివ్వు తల్లీ" అంది. కౌంటరు మీది యంత్రం ఆ మాటను వాళ్ల భాషలో చెప్పింది.

షాపామె పిల్లను చూసింది. జాలిగా తలూపి, డబ్బులేమీ వద్దని మందు చేతిలో పెట్టింది.

నాంచారికి తల కొట్టేసినట్టయింది. అయినా తీసుకుంది. అక్కడే పిల్లచేత మందు పీల్పించి, ట్రామెక్కి కార్డు తాకించింది.

"నాంచారి గారు పుట్టి బుద్ధెరిగి ఎవరి దగ్గరా ఊరికే తీసుకోలేదు. మీరు ఆవిడ కాదు. కార్డు రద్దు చేశాం."