టార్చి పట్టుకునే మనిషి

చేయిజారిన స్క్రూ నడుస్తున్న కంప్యూటరు లోపల పడింది. టప్పుమని ఇంట్లో కరెంటంతా పోయింది. ఇంట్లో ఒంటరిగా పనిచేసుకుంటున్న మెకానిక్ తనను తానే తిట్టుకుని, ప్లగ్గు పీకేసి, టార్చిని పనిముట్ల డబ్బాకి ఆనించి స్క్రూ వెతకసాగాడు. ఒకప్పుడు ఆ టార్చి పట్టుకునేది భార్య. ఆవిడ పోయి ఏడాదైంది, అయినా అతని నోటికి అలవాటు పోలేదు.

“కొంచెం ఎడమకి,” అన్నాడు.

వెలుగు ఎడమకి జరిగింది. బోర్డు మూల స్క్రూ తళుక్కుమంది.

అతను వెనక్కి తిరగలేదు. గోడ గడియారం ఒక్కటే వినిపిస్తోంది. స్క్రూ తీసి, మాడిన చోటు తుడుస్తుంటే వెలుగు మెల్లగా కిందికి వాలింది, ఆవిడ కునికిపాట్లు పడ్డప్పటిలాగే. అప్పట్లో కసిరేవాడు.

“నిద్రొస్తే పోయి పడుకోవే,” అన్నాడు మెల్లగా.

నేనెక్కడ నిద్రపోయాను అన్నట్టు, వెలుగు చటుక్కున పైకి లేచింది.