కొరియా అత్తగారు ఏమన్నారు?

“కళ్ళజోడు విరిగింది. కింద పడే ఆ అక్షరాలు కాస్త చదివి పెట్టవే,” అన్నారు మా అత్తయ్య, టీవీలో కొరియా సినిమా పెట్టుకుని.

తెర మీద ఓ ముసలావిడ కోడలి మీద గయ్యిమంటోంది. కింద, “ఒళ్ళు వంచవే, సోమరిపోతా!” అని పడింది.

మా సింకులో మధ్యాహ్నం గిన్నెలు కొండలా పడి ఉన్నాయి. నాలోని రచయిత్రి మేలుకుంది.

“‘అలసిపోయావమ్మా, ఇవాళ గిన్నెలు నేను తోముతాలే’ అంటోందత్తయ్యా.”

“మరి అలా అరుస్తోందేం?”

“వాళ్ళ ప్రేమలు అలాగే ఉంటాయి.”

ఇంతలో ఆవిడ విసిరిన గరిటె కోడలి నుదుటికి టంగుమని తగిలింది.

“ఇదీ ప్రేమేనా?”

“‘ఇక నీకు గరిటెతో పనిలేదు’ అంటోంది.”

సినిమా అయిపోయింది. అత్తయ్య కళ్ళు తుడుచుకుని వెళ్ళి గిన్నెలన్నీ తోమేశారు. నేను సోఫాలో కాళ్ళు బార్లా చాపుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నారు.

“సినిమా ఎలా ఉందత్తయ్యా?”

“బాగుందే. పోయిన వారం మా చెల్లెలింట్లో ఇదే సినిమా తెలుగు డబ్బింగులో చూశాను. దానికన్నా నువ్వు చదివిందే బాగుంది.”

నా కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.

“ఒక్కటే లోటు. ఆఖర్న కోడలు సిగ్గుపడి, నెలరోజులు గిన్నెలన్నీ తనే తోముతుంది కదా, ఆ ముక్క మింగేశావేం?”

ఆ ముక్క సినిమాలో ఎక్కడా లేదు. కానీ ఆ మాట నేను ఏ మొహం పెట్టుకుని అనను?