బావకి చెప్పండి

"ఇప్పుడు వాడికి చెప్పావో, నాలుక కోస్తా!" మేస్త్రి వెల్డరు చొక్కా పట్టుకుని గోడకి నెట్టాడు.

"కన్నతల్లి పోయింది మేస్త్రీ! చెప్పకపోతే పాపం."

"అసలు నీకెవరు చెప్పారు?"

"ఇందాక క్యాంపు ఫోనుకి ఎవరో ఆడమనిషి చేసింది. ఒకటే ఏడుపు. 'బావకి చెప్పండి, వాళ్ళమ్మ పోయింది, వెంటనే బయల్దేరమనండి' అంది. అంతలో లైను తెగిపోయింది."

ఆ పనివాళ్ళ క్యాంపులో బావ అంటే వంటవాడే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పరాయి దేశంలో ఇంతమందికి వండి వారుస్తూ, అందరిచేతా బావా అనిపించుకుని, ఆ పిలుపుకే మురిసిపోయే వెర్రిబాగులవాడు. ఇప్పుడూ వంటింట్లో పెద్ద మూకుడు ముందు నిలబడి, నుదుటి చెమట భుజానికి తుడుచుకుంటూ పాటందుకున్నాడు. పండగ మరి! ఇక్కడి క్యాలెండర్లో లేని పండగ. ఆఫీసువాళ్ళ కాళ్ళావేళ్ళా పడి మేస్త్రి ఆ పూట సెలవు ఇప్పించాడు.

"మధ్యాహ్నం విమానముంది. మీరు ఆఫీసుకి ఒక్క మాట చెబితే టికెట్టు ఇస్తారు. చీకటి పడేలోపు ఇల్లు చేరతాడు. కడసారి చూపైనా దక్కుతుంది," వెల్డరు బతిమాలాడు.

"వాడు చూస్తే ముసల్ది లేచి కూర్చుంటుందా? వాడు పోతే వంటెవడు చేస్తాడు, నీ తాతా? పెద్దసారుని భోజనానికి పిలిచాన్రా. సారు మెచ్చుకుంటే నేను సూపర్‌వైజర్ని. పోయినోళ్ళెలాగూ పోయారు, తిన్నాక చెబుదాం." మేస్త్రి జేబు తట్టుకున్నాడు. "నన్ను చూసి నేర్చుకో. పండగపూట పెళ్ళాం, మరదలు, అమ్మ వంతులేసుకుని ఏడుస్తారని నిన్ననే నా ఫోను ఆపేశాను. హాయిగా ఉంది."

పెద్దసారు వచ్చాడు. వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు. మేస్త్రి వెల్డరుకి కన్నుగీటి, వంటవాణ్ణి కేకేశాడు.

"బావా, ఈ తీపి మీ అమ్మ నేర్పిందేనా?"

"అవును మేస్త్రీ! చిన్నప్పుడు పొయ్యి దగ్గర కూచోబెట్టుకుని నేర్పింది."

"అయితే ఇంకో గరిటె వెయ్యి. మీ అమ్మ పేరు చెప్పుకుని తింటాం!"

వంటవాడు పొంగిపోయి రెండు గరిటెలు వేశాడు. వెల్డరు ఎత్తిన ముద్ద కంచంలో వదిలేశాడు. అప్పుడే రేకుల కప్పు మీదుగా విమానం మోత వినిపించింది. మేస్త్రి పైకి చూసి, "హమ్మయ్య," అన్నాడు.

పాటలు, పేకాట అన్నీ అయ్యి పెద్దసారు మేస్త్రి భుజం తట్టి వెళ్ళేసరికి పొద్దుపోయింది. అప్పుడు తీరిగ్గా మొహం వేలాడేసుకుని మేస్త్రి వెల్డరుని వెంటబెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

"బావా, గుండె రాయి చేసుకో. మీ అమ్మ పోయిందట. పొద్దున ఫోనొచ్చింది."

తోముతున్న మూకుడు వంటవాడి చేతిలోంచి జారిపోయింది.

"పొద్దున్నా? మీకు పొద్దున్నే తెలుసా?"

అతను గబగబా ఇంటికి ఫోను చేశాడు.

"ఏరా, పండగపూట ఇప్పటికి గుర్తొచ్చానా? తిన్నావా?" ముసలమ్మ కేక గదంతా వినిపించింది.

వంటవాడు "అమ్మా!" అని బావురుమన్నాడు. ఏడుస్తూనే నవ్వాడు.

మేస్త్రి వెల్డరు నెత్తిన ఒక్కటిచ్చాడు. "వెధవా! మరి ఏ బావరా?"

"ఏమో మేస్త్రీ! మనకున్నది ఒక్క బావే కదా."

మేస్త్రి గొణుక్కుంటూ జేబులోంచి తన ఫోను తీసి ఆన్ చేశాడు. చేతిలో ఉండగానే మోగింది. మరదలు.

"బావా, మీరొస్తారని అత్తయ్యని చీకటి పడేదాకా ఉంచాం. ఇప్పుడే సాగనంపి వచ్చాం."