బీమా బిళ్ళ

“ఇగ నా రీమ్‌ను సంపుతరు మొహిద్దీన్ భాయ్!” అన్నాడు గుర్రాల పని చూసే ఎల్లన్న, గుర్రం మెడలో కొత్తగా వేలాడుతున్న పసుపు బిళ్ళను పట్టుకుని.

డ్రైవర్ గులాం మొహిద్దీన్‌కు ఏమీ అర్థం కాలేదు. “పొద్దుగాల ఒచ్చిన గా డాక్టర్ సాబ్ మంచిగనే చూసిండు గదనే. బీమా కంపెనీ బిళ్ళ అది. సంపుడేంది?”

“గదే నేను జెప్పేది. మా ఊళ్లె లోను బర్రెలకు చెవుకు బిళ్ళ ఏస్తరు. బర్రె సచ్చినంక, బిళ్ళున్న చెవు కోసుకపోయి చూపెడితేనే పైసలు. బతికున్నదానికి బీమా పైసలు యాడనన్న ఇస్తరా?”

మొహిద్దీన్ బుర్ర గోక్కున్నాడు. బతికున్నవాళ్ళకు బీమా డబ్బు వచ్చినట్టు అతనూ ఎన్నడూ వినలేదు.

సౌదీలోని ఖమీస్ ముషైత్ శివార్లలో, వాళ్ళు కఫీల్ అని పిలిచే యజమాని గుర్రపుశాలలో ఉన్నవి రెండే గుర్రాలు. రీమ్, సత్తామ్. యుద్ధమప్పుడు కువైట్‌లో ఉండి నూనెబావుల పొగ పీల్చిన నాటి నుంచి రెండింటికీ తగ్గని దగ్గు. రంగు కూడా ఒకటే. గుణాలకు మాత్రం పొంతన లేదు. రీమ్ ఎల్లన్న భుజం మీద తల ఆనించి నిద్రపోతుంది. సత్తామ్ సందు దొరికితే ఆ భుజాన్నే కొరుకుతుంది.

“కఫీల్‌ను అడుగరాదు భాయ్?”

“జిద్దాల ఉన్నడు. ఫోను జేస్తే అడుగుత. పగటి దుహర్ నమాజ్ అయినంక బండొస్తదని మాత్రం చెప్పిండు.”

“ఏం బండి?”

“బిళ్ళున్నదాన్ని తోలుకపోయే బండి.”

మొహిద్దీన్ ఫోనున్న గదిలోకి వెళ్ళగానే ఎల్లన్న రెండు గుర్రాల మధ్య నిలబడిపోయాడు. సత్తామ్ కూడా నోరులేని జీవమే, పాపం. బిళ్ళ మార్చడానికి చేతులు రాలేదు. అంతలో రీమ్ దగ్గి దగ్గి, అతని అరచేయి నాకింది. ఇక ఆలోచించలేదు. బిళ్ళ విప్పి సత్తామ్ మెడకు కట్టేశాడు. ఆ మహానుభావుడు అలవాటు ప్రకారం భుజం కొరికాడు.

“కొరుక్కో బిడ్డా, ఇదే ఆఖరు,” అన్నాడు ఎల్లన్న కళ్ళు తుడుచుకుంటూ.

బండి వచ్చింది. దిగిన మనుషులు బిళ్ళ చూశారు, ఇంకేమీ అడగకుండా సత్తామ్‌ను ఎక్కించారు. బండిలో మెత్తగా గడ్డి పరిచి ఉంది, చల్లగాలి మిషన్ తిరుగుతోంది. చంపబోయేదానికి ఇంత మర్యాద ఎందుకో ఎల్లన్నకు అంతుపట్టలేదు. ఏమైతేనేం, రీమ్ బతికింది. దాని మెడను కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

బండి మలుపు తిరిగాక మొహిద్దీన్ నవ్వుతూ పరుగెత్తుకొచ్చాడు.

“ఎల్లన్నా, మనిద్దరం పాగల్‌గాళ్ళమే! కఫీల్ ఫోను జేసిండు. ఈడ బతికున్నదానికే పైసలిస్తరట. బండి పోయింది దవాఖానకు! ఎన్నేండ్లు పట్టినా మందుల ఖర్చంతా కంపెనీదే!”

ఎల్లన్న రీమ్ మెడను వదల్లేదు. “మరి... బిళ్ళ లేనిదానికి?”

“దానికేడిది బీమా? దాని దగ్గు ఇనలేనని, మాపటికి తుపాకి మనిషిని పంపుతుండట కఫీల్. ఇగ నిన్ను కొరికేటిది ఉండదు పో!”