మూగ పడవ

"మూడ్రోజుల్నుంచీ నాకు పడవ అందట్లేదయ్యా!" రేవు మెట్ల మీద షిజు అవ్వ నన్ను నిలదీసింది.

పాత డీజిల్ పడవ తీసేసి, సర్కారు మా దీవికి బ్యాటరీ పడవ ఇచ్చింది. నడిపేది నేనే. పొగ లేదు, చప్పుడూ లేదు.

"టైమ్ టేబుల్ చూసుకో అవ్వా."

"నలభై ఏళ్లలో ఎప్పుడైనా చూశానా? మలుపు దగ్గర నీ డొక్కు ఇంజను దడదడలాడగానే పొయ్యి కట్టేసి వచ్చేదాన్ని. ఇంత డబ్బు పోసి మూగదాన్ని కొన్నారేం? దొంగలా వచ్చిపోతున్నావ్!"

జాలేసింది. "అవతలి ఒడ్డున ఒనోమిచి ఆస్పత్రికా? రేపు నీకోసం ఆపుతాలే."

"ఆస్పత్రేంటి? నేనెక్కడికి పోతాను? ఎవరు దిగారో, ఎవరితో దిగారో చూడొద్దూ?"

మర్నాడు మలుపు దగ్గర గట్టిగా హారన్ కొట్టాను.

రేవుకొచ్చేసరికి ఊరు ఊరంతా మెట్ల మీదుంది. పడవెక్కేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.